తోకచుక్కకు సొంతమైనదేది?

ఆకాశమున తోకచుక్క పొడిచినప్పుడు కొందరు భయపడుదురు, కొందరు ఆశ్చర్యపడుదురు. ఆ తోక యంతయు ఆ చుక్కదేనని మాత్రము అందరును తలంచుదురు. ఈ తలంపు సరియైనదా?

తోకచుక్క నడుమనున్నది మంచును దుమ్మును కలిసిన ముద్ద. సూర్యుని సమీపించినప్పుడు ఆ మంచు ఆవిరియగును. ఆ ఆవిరి సూర్యకాంతివలన విద్యుత్తుగల కణములుగా మారి, నీలి తోకగా సాగును. ఈ తోకలో అయస్కాంత క్షేత్రము గలదు. అది ఎక్కడనుండి వచ్చెను?

సూర్యునినుండి కణముల గాలి సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగముతో వీచుచు, సూర్యుని అయస్కాంత క్షేత్రమును వెంట తెచ్చును. తోకచుక్క ఆవిరి ఆ గాలికి బరువై దాని వేగమును తగ్గించును. కాలువలో పాతిన గుంజకు పొడవైన గడ్డిపోచ అడ్డముగా తగులుకొనినయెడల ఏమగును? నడిమి భాగము గుంజయొద్ద నిలిచిపోవును. రెండు కొనలు నీటితో దిగువకు సాగును. సూర్యుని క్షేత్రరేఖలును ఆలాగే చుక్కకు తగులుకొని తోకగా సాగునని 1957లో స్వీడను దేశస్థుడైన హన్నెస్ ఆల్ఫ్‌వేన్ చెప్పెను. అట్లయిన, తోక యొక్క రెండు పాయలలో క్షేత్రము ఎదురెదురు దిక్కులను చూపవలెను.

ఊహ ఎంత చక్కనిదైనను పరీక్షింపవలెను గదా. 1985 సెప్టెంబరు 11న ఒక అమెరికా నౌక గియకోబిని-జిన్నర్ అను తోకచుక్క తోకను దాటిపోగా, ఆ రెండు పాయలు నిజముగానే కనబడెను. 1986 మార్చిలో ఐరోపావారి జియోటో నౌక హేలీ తోకచుక్క చెంతకు పోగా, ముద్ద చుట్టును అయస్కాంత క్షేత్రమే లేని చోటు అగుపడెను. 2014 నవంబరు 12న ఫిలే అను చిన్న నౌక వేరొక తోకచుక్కపై దిగి కొలువగా, దాని నేలలో సొంత అయస్కాంత శక్తి యేమియు కనబడలేదు.

అయితే చుక్కకు ఏ పాలును లేదందుమా? అదియు న్యాయము కాదు. అది తన మంచును కరగించి ఇయ్యనియెడల ఆ క్షేత్రము నిలువక దాటిపోయియుండును. క్షేత్రము సూర్యునిది, దానిని పట్టి నిలిపినది చుక్క ఖర్చుపెట్టుకొనిన ఆవిరి.

పట్టణములో ఉద్యోగము సంపాదించిన కుమారుడు ఊరికి వచ్చి, "అంతయు నా కష్టమే" అనును. వాని జీతము కట్టుటకు చెవికమ్మలు అమ్మిన తల్లి అరుగుమీద కూర్చుండి వినుచుండును. రాత్రులు దీపముయొద్ద మేలుకొని చదివినది వాడే. అది అబద్ధము కాదు. కాని ఆ దీపములో నూనె ఎవరిది? "అంతయు నాదే" అనుట గర్వము. "నాదేమియు లేదు" అని చేతులు ముడుచుకొనుట సోమరితనము. పొందినదానిని పొందితినని ఒప్పుకొని, దానిని నిలుపుటకు మనకున్నదానిని కరగించుటయే సత్యమైన నడత. అరుగుమీద కూర్చున్న ఆ తల్లితో ఈ మాట నేడే చెప్పుదము.