వంచడమా? పందిరి వేయడమా?

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెత వినకుండా మన ఇళ్ళలో పెరిగిన పిల్లలుండరు. మా నాయన బెత్తం తీసినప్పుడల్లా ఈ మాటే అనేవారు. నేనూ నా పిల్లల దగ్గర అన్నాను. ఎటు వంచాలి, ఎందుకు వంచాలి, వంగకపోతే ఆ మొక్కకు వచ్చే నష్టమేమిటి అని మాత్రం చాలాకాలం ఆలోచించలేదు. ఆలోచించవలసి వచ్చిన కారణం మా ఇంట్లోదే కనుక అక్కడే మొదలుపెడతాను.

2012లో మా అక్క కొడుకు, అప్పటికి 22 ఏళ్ళవాడు, తాను ఆడపిల్లను పెళ్ళి చేసుకోలేనని, తన మనసు మగవాళ్ళ మీదికే పోతుందని తల్లితో చెప్పాడు. అక్క ఏడుస్తూ మదురైలోని మా ఇంటికి వచ్చింది. బ్యాంకులో పనిచేసేవాణ్ణి కనుక ఏ చిక్కు వచ్చినా నన్ను అడగడం మావాళ్ళకు అలవాటు. నేను నలుగురినీ విచారించి, ఆరు నెలల్లో మార్చేస్తానన్న ఒక డాక్టరు దగ్గరికి వాణ్ణి తీసుకుపోయాను. ఫీజు నేనే కట్టాను. మెట్లెక్కుతూ వాడు ఒక్క మాట అన్నాడు: "నా జబ్బేమిటో ముందు చెప్పండి మామా, తరువాత మందు మింగుతాను." నేను కసురుకున్నాను. నాలుగు నెలలు మాత్రలు మింగాడు. నిద్ర పోయింది, ఆకలి పోయింది, మాతో మాట పోయింది. మనసు మాత్రం మారలేదు. ఒకనాడు బెంగుళూరు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

వాడి ప్రశ్నకు జవాబు అప్పటికే ఉంది. అమెరికా మనోవైద్యుల సంఘం 1973లోనే స్వలింగ ప్రేమను జబ్బుల పట్టికలోంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. అంటే నేను వాణ్ణి డాక్టరు దగ్గరికి లాక్కుపోయేనాటికి ఆ ఖాతా మూసేసి 22 ఏళ్ళు. సరిగ్గా వాడి వయసంత కాలం. నేను లేని బాకీకి వసూలుకు పోయానన్నమాట.

ఇలా వంచే విద్య ఆటిజం ఉన్న పిల్లల మీద కూడా సాగిందని తరువాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో లాస్ ఏంజిలెస్ విశ్వవిద్యాలయంలో ఐవార్ లోవాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. ఆడపిల్లలా నడుస్తున్నాడని, బొమ్మలతో ఆడుతున్నాడని తీసుకొచ్చిన ఒక అయిదేళ్ళ పిల్లవాడికి చేసిన చికిత్స గురించి 1974లో అతడూ, మరొకాయనా కలిసి ఒక వ్యాసం ప్రకటించారు. మగపిల్లవాడిలా ఉంటే నీలం బిళ్ళ, దానికి మిఠాయి. లేకుంటే ఎర్రబిళ్ళ, దానికి తండ్రి చేతి దెబ్బ. ఆ లోవాసే ఆటిజం పిల్లలకు వారానికి 40 గంటల శిక్షణ ఇచ్చి, వారిలో కొందరు మామూలు పిల్లలతో సమానమయ్యారని 1987లో రాశాడు. అందులోనూ గద్దింపు ఉంది, తొడ మీద చరుపు ఉంది. 1974 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2020లో దాని విషయమై తన ఆందోళనను ప్రకటించింది. ఆ పిల్లవాడు పెద్దవాడై 2003లో ప్రాణం తీసుకున్నాడు. అందుకు కారణం ఆ చికిత్సేనని నేననను, ఒక ప్రాణం పోవడానికి కారణాలు అనేకం. కానీ చిన్నపిల్లవాడి స్వభావానికి జమాఖర్చు పుస్తకం తెరిచి ఎర్రబిళ్ళలు వేసిన చేతులను తలుచుకుంటే, ఫీజు కట్టిన నా చెయ్యి గుర్తుకొస్తుంది.

అయితే ఉన్న మనిషిని ఉన్నట్టు ఒప్పుకొని చేసే చికిత్స అంటే ఏమిటి? "పిల్లలు ఏది చెబితే దానికల్లా తలూపడమేగా" అని మా స్నేహితుడొకరు ఎత్తిపొడిచారు. నాకు తెలిసింది మా బ్రాంచిలో జరిగిన ఒక చిన్న విషయంతో చెబుతాను. ఆటిజం ఉన్న ఒక యువకుడు తల్లితో కలిసి పింఛను డబ్బుకు వచ్చేవాడు. నోట్లు లెక్కపెట్టే మిషను మోగగానే చెవులు మూసుకుని అరిచేవాడు. క్యూలో ఉన్నవాళ్ళు నవ్వేవారు, ఆ తల్లి తల వంచుకునేది. ఒకనాడు ఆమెను పిలిచి, రద్దీ లేని మధ్యాహ్నం మూడున్నరకు రమ్మన్నాను. మిషనుకు దూరంగా కుర్చీ వేయించాను. మొదట పాసుపుస్తకం, తరువాత సంతకం, తరువాత డబ్బు అని వరుస ముందే చెప్పేవాళ్ళం. అరుపులు ఆగిపోయాయి. ఆ అబ్బాయి మారలేదు, మారింది మా ఏర్పాటు. అతని బాధ మాత్రం తగ్గింది.

అప్పుడు నాకొక కొలబద్ద దొరికింది. కోరే మార్పు ఎవరి సుఖం కోసం? మాట రాని పిల్లవాడికి బొమ్మల కార్డుతో దాహం చెప్పడం నేర్పితే అది వాడి సుఖం. కళ్ళలోకి చూసి తీరాలని గంటల తరబడి వేధిస్తే అది చూసేవాళ్ళ సుఖం. తల గోడకు కొట్టుకునే బిడ్డను ఆపవలసిందే, కానీ ఏ నొప్పి అలా కొట్టిస్తోందో వెతకడం కూడా చికిత్సే. మా మేనల్లుడికి అప్పుడు కావలసింది నిద్రకు, భయానికి సాయం. ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అని తోడుండి ఆలోచించే మనిషి. తీగను వంచనక్కరలేదు, పందిరి వేస్తే చాలు.

మన దేశంలోనూ ఈ దిక్కుకు అడుగులు పడ్డాయి. మానసిక జబ్బు ఉందో లేదో సమాజపు నీతికి, మతానికి ఒదగడాన్ని బట్టి తేల్చరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది. ముంబైలో మరివాలా హెల్త్ ఇనిషియేటివ్ అనే సంస్థ 2019 నుంచి కౌన్సిలర్లకు ఈ విధానంలో శిక్షణ ఇస్తున్నది. మా మదురైకే చెందిన ఇద్దరు అమ్మాయిల కేసులో, 2021 జూన్ 7న మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఇలాంటి "మార్పు" చికిత్సలు కూడదన్నారు. తీర్పు చెప్పే ముందు, ఈ విషయం తనకూ పూర్తిగా అర్థం కాలేదని ఒప్పుకొని, ఆయనే ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. 2022లో జాతీయ వైద్య కమిషన్ అటువంటి చికిత్స వృత్తిధర్మానికి విరుద్ధమని ప్రకటించింది. ఒక న్యాయమూర్తి తెలియదని చెప్పగలిగిన చోట, అన్నీ తెలిసినట్టు ప్రవర్తించిన మేనమామకు సిగ్గు వేసింది.

నిరుడు బెంగుళూరు వెళ్ళి వాణ్ణి క్షమించమని అడిగాను. వాడు కాఫీ కలిపి ఇచ్చాడు, క్షమించానని మాత్రం అనలేదు. అడిగే హక్కు నాకుంది కానీ, ఇమ్మనే హక్కు లేదు. కాసేపటికి అన్నాడు: "ఇక్కడ నేను కలిసే కౌన్సిలరు మంచావిడ మామా. ఇంగ్లీషులో అన్నీ చెప్పుకుంటాను. అమ్మతో చెబుదామంటే మన తెలుగులో నా గురించి తిట్లు తప్ప మాటలు లేవు."

ఆ మాట నన్ను వదలడం లేదు. బడిలో, వీధిలో తమిళం మాట్లాడుతూ తరతరాలుగా తెలుగును నిలుపుకున్నవాళ్ళం మనం. యాసను చూసి నవ్వితే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. కానీ మనకు సాయంత్రానికి ఇల్లుంది, ఇంట్లో తెలుగుంది. ఆ బిడ్డలు సొంత ఇంట్లోనే అల్పసంఖ్యాకులు, వాళ్ళు గడప దాటి లోపలికి వచ్చాక కూడా నటించాలి. మన బళ్ళలో తెలుగు ఉండాలని 2006 చట్టం వచ్చినప్పటి నుంచి అర్జీలు పెడుతూనే ఉన్నాం. ఉండాలి. ఆ తెలుగులో మన పిల్లవాడు తన తల్లితో తన సంగతి చెప్పుకోవడానికి నాలుగు మర్యాదైన మాటలు కూడా ఉండాలి.

ఈ వ్యాసాన్ని మా అక్కకు చదివి వినిపించాను. చాలాసేపు ఊరకుండి, "వాడు భోంచేస్తున్నాడా?" అని అడిగింది. "నువ్వే ఫోను చేసి అడుగక్కా" అన్నాను.