తత్వశాస్త్రం వల్ల మనకేమి లాభం?



గురువు కాగోరే యువకుడు సెమినరీలో దైవశాస్త్రం చదవడానికి ముందు తత్వశాస్త్రం చదవాలి. దానికి కనీసం రెండు పూర్తి సంవత్సరాలు కేటాయించాలని 1983 నాటి శ్రీసభ చట్టంలోని 250వ నిబంధన చెబుతోంది. ఈ సంగతి తెలిసిన విశ్వాసులు కొందరు అడుగుతుంటారు: "ఫాదర్ గారూ, బైబిలు చాలదా? ఆ సోక్రటీసు, అరిస్టాటిలు మా పొలానికి నీళ్లు తెస్తారా, మా పిల్లకు సంబంధం తెస్తారా?" ప్రశ్న న్యాయమైనదే. పనికిరాని మాటలు చెప్పేవాణ్ణి "వేదాంతం చెప్పకురా" అని కసురుకోవడం మన ఇళ్లలో మామూలే కదా!

పునీత పౌలు కూడా కొలొస్సీయులను తత్వశాస్త్రం విషయంలో హెచ్చరించాడు గదా అని మరికొందరు అంటారు (కొలొస్సీ 2:8). నిజమే. అయితే ఆయన హెచ్చరించింది క్రీస్తును విడిచిన మోసపు మాటల గురించి. అదే పౌలు ఏథెన్సు నగరంలో ఎపికూరీయులతోను, స్తోయికులతోను వాదించడానికి వెనుకాడలేదు (అపొస్తలుల కార్యములు 17:18). ఆలోచించడం అవిశ్వాసం కాదు. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూసుకోడా అని క్రీస్తు ప్రభువే అడిగాడు (లూకా 14:28). ముందు కూర్చుండి చూసుకోవడం, తొందరపడి రెండు వేర్వేరు సంగతులను ఒకటిగా కలిపివేయకపోవడం: నిత్యజీవితంలో తత్వశాస్త్రం చేసే పని ఇదే.

ఇది ఎంత అవసరమో తెలియాలంటే ఆసుపత్రి వరండాకు రావాలి. కొన్నేళ్ల క్రితం ఒక కుటుంబం నన్ను అక్కడికి పిలిపించింది. తండ్రికి కేన్సరు ఒళ్లంతా పాకింది. స్పృహ లేదు. కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చి చెప్పారు. ఊపిరి అందకపోతే వెంటిలేటర్ పెట్టాలా వద్దా అన్నది కుటుంబమే చెప్పాలన్నారు. అప్పటికే అరెకరం అమ్మేశారు. పెద్దకొడుకు, "ఇక చాలు ఫాదర్, ఇంటికి తీసుకుపోదాం" అన్నాడు. చిన్నవాడు భగ్గుమన్నాడు. "డబ్బుకోసం నాన్నను చంపుతావా?" అన్నాడు. తల్లి ఇద్దరి ముఖాలూ చూస్తూ జపమాల పట్టుకొని కూర్చుంది.

ప్రియ పాఠకులారా, అక్కడ బైబిలు తెరిస్తే "నరహత్య చేయరాదు" అన్న ఆజ్ఞ కనిపిస్తుంది. వెంటిలేటర్ అన్న మాట కనిపించదు. ఆ ఆజ్ఞ ఈ మంచం దగ్గర ఏమి కోరుతున్నదో తెలుసుకోవాలంటే బుద్ధిని ఉపయోగించక తప్పదు. చంపడమూ, ఆగని చావును ఒప్పుకోవడమూ ఒకటేనా? చేతనైన ప్రతి చికిత్సా చేసి తీరాలా?

ఈ ప్రశ్నలు కొత్తవి కావు. 16వ శతాబ్దంలో స్పెయిను దేశపు సలమాంకా విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్కో దె వితోరియా అనే డొమినికన్ గురువు వీటిని చర్చించాడు. ప్రాణం కాపాడుకోవడం మన బాధ్యతే అన్నాడు. అయితే ఖరీదైన కోడిమాంసం తినమని వైద్యుడు చెప్పినా, మామూలు తిండితో సరిపెట్టుకున్న రోగి పాపం చేసినట్లు కాదన్నాడు. అలాంటి చర్చలనుండే సాధారణ సాధనాలు, అసాధారణ సాధనాలు అన్న తేడా స్థిరపడింది. 12వ పయస్ పోపుగారు 1957 నవంబరు 24న, మత్తు వైద్యుల ప్రశ్నలకు జవాబు చెబుతూ ఆ తేడానే ఆధారం చేసుకున్నారు. 1980లో వెలువడిన వాటికన్ ప్రకటన దానిని మరింత వివరించింది. ఆశించదగిన మేలుకు మించిన భారం మోపే చికిత్సను నిరాకరించడం ఆత్మహత్యతో సమానం కాదని, కుటుంబంపై పడే మితిమీరిన ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోవచ్చని చెప్పింది. ప్రాణం తీయాలని చేసే పనిని మాత్రం శ్రీసభ ఎన్నడూ ఒప్పుకోదు. నొప్పి తగ్గించడం, శుభ్రంగా ఉంచడం, శరీరం స్వీకరించగలిగినంతవరకు అన్నపానాలు ఇవ్వడం ఎప్పటికీ మానరాదు.

మన దేశంలో సుప్రీంకోర్టు 2018 మార్చి 9న, కోలుకోలేని రోగికి వైద్యబోర్డుల నిర్ధారణతో చికిత్స ఆపడానికి షరతులతో అనుమతించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని కొంత సులభం చేసింది. అయితే చట్టం అనుమతించినంత మాత్రాన మనస్సాక్షి పని తీరిపోదు.

అందుకే ఆ అన్నదమ్ములను నేను ఒక మాట అడిగాను: "మీకు భారమైనది చికిత్సా, మీ నాన్నా?" పైకి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. ఇద్దరి నోటా "ఇక మోయలేం" అన్న మాటే వస్తుంది. చికిత్స భారమైతే దానిని దించుకోవచ్చు. మనిషి భారమయ్యాడంటే దించుకోవలసింది మనిషిని కాదు, మన హృదయంలోని రాయిని. పెద్దవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాన్న భారం కాదు ఫాదర్, ఇంటి దగ్గర నేనే చూసుకుంటా" అన్నాడు. చిన్నవాడు ఆ మాటకు ఏడ్చాడు. డాక్టర్లతో మాట్లాడి, నొప్పి మందులు తీసుకొని ఇంటికి తెచ్చారు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇచ్చాను. కొడుకులిద్దరూ వంతులు వేసుకొని ఒళ్లు తుడిచారు, నోరు తడిపారు. ఆరవనాడు ఆయన ప్రభువును చేరుకున్నాడు. అన్నదమ్ముల మధ్య మాట పోలేదు.

ఇదే ప్రశ్న మరో ఇంట్లో మరో జవాబు తేవచ్చు. మందులతో నాలుగు రోజుల్లో లేచి తిరగగల తల్లిని "ముసలిది కదా" అని వదిలేసేవారు "అసాధారణ చికిత్స" అన్న మాట వెనుక దాక్కోరాదు. సరైన తేడా తెలిసినవాడు భయపడేవానికి ధైర్యం చెప్పగలడు, తప్పించుకునేవాణ్ణి నిలదీయగలడు.

విశ్వాసమూ హేతువూ కలిసి నడవాలని 1998 సెప్టెంబరు 14న విశ్వలేఖ వ్రాసిన పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు ఒకప్పుడు లుబ్లిన్ విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్ర బోధకులు. చివరి రోజుల్లో ఆయన మళ్లీ ఆసుపత్రికి వెళ్లక, వాటికన్‌లోని తన గదిలోనే ఉండి, 2005 ఏప్రిల్ 2న కన్నుమూశారు.

కాబట్టి ప్రియులారా, కష్టం వచ్చిన రాత్రి వరండాలో నిలబడి మొదటిసారి ఆలోచించవద్దు. అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఒక ఆదివారం పూజ తరువాత పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. "అమ్మా, అటువంటి పరిస్థితి వస్తే నీ కోరిక ఏమిటి?" అని అడగండి. అపశకునమని నోరు మూసుకోవద్దు. వారి మాట శ్రద్ధగా వినండి, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు తెలియజేయండి. ఆ సంభాషణలో సోక్రటీసు పేరు రాకపోవచ్చు. అయినా మీరు చేసేది తత్వశాస్త్రమే. మనకు బుద్ధినిచ్చిన దేవుడు దానిని ప్రేమతో వాడుకొనే కృపను కూడా మీ కుటుంబాలకు అనుగ్రహించునుగాక! ఆమెన్.