మిగిలిన తొమ్మిది మంది

తొలిదశ పెట్టుబడి లెక్క చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. పది కంపెనీల్లో డబ్బు పెడితే ఆరేడు మూతపడతాయి, రెండు మూడు పెట్టిన సొమ్ము తిరిగిస్తాయి, ఒక్కటి మాత్రం అన్నిటి నష్టాన్నీ పూడ్చి పైన లాభం మిగులుస్తుంది. ఆ ఒక్కటి ఏదో ముందుగా తెలియదు కాబట్టి పదింటిలోనూ పెట్టాలి. హైదరాబాద్‌లో స్టార్టప్‌లకు మొదటి చెక్కు రాసే మాలాంటి వాళ్లమంతా ఈ లెక్కనే నమ్ముకుని నడుస్తున్నాం. లెక్కగా చూస్తే ఇందులో దోషం లేదు. అయితే ఆ పది అంకెల్లో ఒక్కోదాని వెనక ఒక్కో జీవితం ఉంది. నేను పది చోట్ల ఉన్నాను, ఫౌండర్ ఒక్కచోటే ఉన్నాడు. కంపెనీ మూతపడితే నాకు పోయేది పదోవంతు. అతనికి పోయేది వయసులో మంచి భాగం. ఇలాంటి ఇద్దరం ఒకే కాగితం మీద సంతకం పెట్టి భాగస్వాములం అనుకోవటం న్యాయమేనా?

2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్ మొదలైంది. 2022 జూన్‌లో రాయదుర్గంలోని పెద్ద భవనంలోకి మారింది. ఈ ఏడేళ్లలో మన ఇళ్లలోకి ఒక కొత్త రకం వాదన వచ్చి చేరింది. క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం వదిలి ఇదేం పని అని తండ్రి, రెండేళ్లు టైమివ్వండి నాన్నా అని కూతురు. ఆ రెండేళ్ల ఖర్చు ఎవరు పెడుతున్నారు? పిచ్‌లో కనిపించే పెట్టుబడి నాది. కనిపించనిది తండ్రి పీఎఫ్, ఇంటి అద్దె కట్టే అక్క జీతం, అమ్మ గొలుసు మీద తెచ్చిన గోల్డ్ లోన్. వాటాల లెక్క చూపే క్యాప్ టేబుల్‌లో వీళ్లెవరి పేర్లూ ఉండవు. నిజానికి మొదటి ఇన్వెస్టర్లు వాళ్లే, నేను వాళ్ల తరవాత వచ్చినవాణ్ణి. ఇక అలాంటి ఇల్లు లేని పిల్లల సంగతి? ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ రౌండ్ అని మేం తేలిగ్గా అనేస్తాం. కూలికి వెళ్లే ఇంటి అమ్మాయికి ఆ రౌండ్ ఏ బంధువు ఇస్తాడు? డబ్బున్న బంధువులూ, అమెరికాలో బాబాయిలూ, అండగా నిలిచే కులమూ ఉన్న చోటి ప్రతిభే ఎక్కువగా నా దాకా వస్తోంది. మిగతాది దారిలోనే ఆగిపోతోంది. దాన్ని నేను చూడలేదు కాబట్టి అది లేదని అనుకోవటం నాకు సులువు.

మన ఊళ్లలో తొలి పెట్టుబడికి పాత దారి చీటీ. ఇరవై మంది నెలనెలా కడతారు. అవసరం గట్టిగా ఉన్న మనిషి పాట పాడుకుని ఆ నెల చీటీ ఎత్తుకుంటుంది. టైలరింగ్ షాపులు, జిరాక్స్ సెంటర్లు, టిఫిన్ బండ్లు అలా ఎన్ని తెరుచుకున్నాయో! చేరిన ప్రతి ఒక్కరికీ ఏదో ఒక నెల తమ వంతు వస్తుందన్నది చీటీకి పునాది. ఇరవై మందిలో ఎక్కువమంది మునిగిపోతారని ముందే లెక్కగట్టి ఎవరూ చీటీ నడపరు. మా పెట్టుబడి సరిగ్గా ఆ లెక్కతోనే మొదలవుతుంది. అలాగని చీటీ డబ్బుతో టీకా తయారు కాదు, రాకెట్టూ తయారు కాదు. వచ్చే నెల వాయిదా కట్టాల్సిన మనిషి నాలుగేళ్లకు ఫలించే పని మొదలుపెట్టలేదు. పోతే పోనీ అని చెప్పగల డబ్బు కొంతైనా సమాజంలో ఉండాలి. అప్పిచ్చినవాడు గడువు తీరాక ఇంటికి వస్తాడు. వాటా తీసుకున్నవాడు రాడు, రాకూడదు. నా వృత్తికి ఏదైనా నైతిక సమర్థన ఉంటే అది ఇదొక్కటే.

ఇంకా లేని వస్తువుకు ధర కట్టటం మా పని. ఇది చట్టానికి కూడా చాలాకాలం మింగుడుపడలేదు. షేరుకు నిబంధనల లెక్కలో తేలిన విలువకన్నా ఎక్కువ ఇస్తే, ఆ అదనపు సొమ్మును కంపెనీ ఆదాయంగా భావించి పన్ను వేసే సెక్షన్ 2012లో వచ్చింది. ఏంజెల్ ట్యాక్స్ అని అందరూ పిలిచిన ఆ పన్నును 2024 జూలై బడ్జెట్‌లో ఎత్తేశారు. ఎత్తేయటం మంచిదే. కానీ ఆ సెక్షన్ వెనక ఉన్న అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు. వస్తువు లేదు, కొనేవాడు లేడు, లాభం మాటే లేదు. మరి నేను డబ్బిచ్చి కొన్నదేమిటి?

2018లో ఇస్రో ఉద్యోగాలు వదిలి పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా హైదరాబాద్‌లో స్కైరూట్ అనే రాకెట్ కంపెనీ పెట్టారు. అంతరిక్ష రంగాన్ని ప్రైవేటు కంపెనీలకు తెరవాలని కేంద్రం నిర్ణయించింది 2020 జూన్‌లో. అంటే మింత్రా స్థాపకుల్లో ఒకరైన ముకేశ్ బన్సల్ వాళ్లకు తొలి డబ్బు ఇచ్చేనాటికి, వాళ్లు తయారుచేయబోయే రాకెట్‌ను ఎగరేయటానికి దేశంలో సరైన దారే లేదు. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి వాళ్ల విక్రమ్-ఎస్ రాకెట్ ఎగిరింది. ఆ ఇద్దరు మనుషులు తప్ప 2018లో కొనటానికి అక్కడ మరేమీ లేదు. ధ్రువ స్పేస్ కథ ఇంకొంచెం నెమ్మదిగా నడిచింది. 2012లో మొదలైన కంపెనీ, తన తైబోల్ట్ ఉపగ్రహాలను పీఎస్‌ఎల్‌వీలో పంపగలిగింది 2022లో. మా ఫండ్ల ఆయుష్షు మామూలుగా ఎనిమిదేళ్లో పదేళ్లో. పని పండటానికి పట్టే కాలం ఒకటి, డబ్బు ఓపిక పట్టే కాలం ఇంకొకటి. ఈ రెండూ కలవని చోట తప్పు పనిదని మేం తేల్చేస్తాం. డబ్బుకి తొందరెక్కువని ఎందుకు అనం?

స్టార్టప్ అనే మాట ఈ ఊళ్లో వినపడక ముందు జరిగిన ఒక పెట్టుబడి నన్ను ఎప్పటికీ వదలదు. 1993లో వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. శాంత ఆయన తల్లి పేరు. ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్. చేస్తానన్నది హెపటైటిస్-బి టీకా, అదీ దేశంలో అంతవరకూ ఎవరూ తయారుచేయని రీకాంబినెంట్ పద్ధతిలో. విదేశాల నుంచి వచ్చే టీకా డోసు వందల రూపాయలు పలికేది. సాంకేతికత అడిగితే విదేశీ కంపెనీ ఇవ్వలేదు. అప్పుడు ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ డబ్బు పెట్టారు. పరిశోధన కొంత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, కొంత సీసీఎంబీ పరిశోధన సంస్థలో సాగింది. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి బయటికొచ్చింది, దిగుమతి టీకా ధరలో చిన్న భాగానికి. 2009లో సనోఫీ ఆ కంపెనీని తన చేతిలోకి తీసుకుంది.

అలాంటి మనిషి ఇవాళ మా ముందు కూర్చుంటే ఏం జరుగుతుంది? ఈ రంగంలో అనుభవం ఉందా అని అడుగుతాం. లేదు. టెక్నాలజీ చేతిలో ఉందా? లేదు. కొనేవాళ్ల దగ్గర డబ్బుందా? లేదు, అందుకే చేస్తున్నాను అంటాడు. మూడు జవాబులకూ మా కాగితం మీద సున్నాలే పడతాయి. మూడోది అసలు సున్నా కాదు, ఆ పని పుట్టటానికి కారణమే అది. కొనలేని వాళ్లు కోట్లమంది ఉన్నారన్న వాస్తవం మార్కెట్ లేదనటానికి రుజువా, పని మిగిలి ఉందనటానికి రుజువా? ఎక్కడో సముద్రం అవతల ఉన్న ఒక మంత్రికి ఇది కనపడింది. పక్కవీధిలో ఉన్నవాళ్లకి ఎందుకు కనపడలేదన్నది నేనింకా అడుగుతున్న ప్రశ్న.

ఇక్కడ ఆగి ఒక మాట ఒప్పుకోవాలి. ఇప్పటిదాకా నేను చెప్పిన పేర్లన్నీ నిలబడ్డవాళ్లవి. పెట్టుబడి గురించి ఎవరు రాసినా ఇలాగే జరుగుతుంది, ఎందుకంటే మిగిలిన తొమ్మిది మంది పేర్లు ఎవరికీ గుర్తుండవు. వాళ్లలో ఎక్కువమంది గురించి మా పుస్తకాల్లో ఉండేది రెండే మాటలు, రైట్ ఆఫ్. జిల్లా ఆసుపత్రుల చుట్టూ ఉన్న చిన్న క్లినిక్‌లకు అపాయింట్‌మెంట్ యాప్ చేసిన ఒక కంపెనీ రెండేళ్లు నడిచి ఆగిపోయిందనుకోండి. ఆ రెండేళ్లూ పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్లు గంటల తరబడి బెంచీల మీద కూర్చోకుండా డాక్టర్ని చూసి వెళ్లారు. అది జరిగింది. కంపెనీ మూతపడినంత మాత్రాన జరిగింది జరగకుండా పోదు. అక్కడ పనిచేసిన కుర్రాళ్లు నేర్చుకున్నది వేరే కంపెనీకి పనికొస్తుంది. వాళ్లు చూపించిన అవసరాన్ని ఇంకెవరో అందుకుంటారు. లోకంలో చాలా మంచి పనులు ఇలా మధ్యలో ఆగిన పనుల మీదే నిలబడి ఉన్నాయి. పని విలువ దాని ముగింపును బట్టే తేలుతుందని అకౌంటెంటు అనవచ్చు, అది ఆయన ధర్మం. మనం ఎందుకు అనాలి? ఒక మనిషి 26వ ఏట నుంచి 31వ ఏట వరకు మనసుపెట్టి చేసిన పనిని సున్నా అని రాసే హక్కు ఎవరికుంది?

ఈ ఊళ్లో డబ్బుకి మనిషి మీద కన్నా నేల మీద నమ్మకం ఎక్కువ. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం అత్యధికంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ డబ్బులో కొద్దిపాటి భాగంతో ఎన్ని చిన్న కంపెనీలు రెండు మూడేళ్లు ఊపిరి పీల్చుకోవచ్చో ఆలోచించండి. నేలను నమ్మేవాళ్లను నేను తప్పుపట్టను. నేల రాజీనామా చెయ్యదు, దానికి జబ్బు చెయ్యదు, దాని మనసు మారదు. పైగా మనిషిని నమ్మి దెబ్బతిన్న జ్ఞాపకం ఈ ఊరికి ఉంది. 2009 జనవరి 7న సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం ఛైర్మన్ రామలింగరాజు తన లేఖలో, కంపెనీ ఖాతాల్లో చూపిన నగదులో 5,000 కోట్లకు పైగా అసలు లేనేలేదని రాశారు. ఈ ఊరి సాఫ్ట్‌వేర్ గర్వం ఆ రోజు తలదించుకుంది. ఆ లేఖ నుంచి చాలామంది నేర్చుకున్న పాఠం మనిషిని నమ్మొద్దని. నాకు తోచింది వేరు. మూడు నెలలకోసారి పెరిగిన అంకె చూపిస్తేనే మెచ్చుకునే చోట, తగ్గిన అంకె చెప్పటానికి భయపడే మనుషులు తయారవుతారు. ఇవాళ మా బోర్డు మీటింగుల్లో పాతికేళ్ల ఫౌండర్ ఆ భయంతోనే నోరు విప్పుతున్నాడా? నిజం చెప్పినందుకు వాడికి మేం ఎప్పుడైనా థాంక్స్ చెప్పామా?

మనిషిని చూడటం అంటే ఏమిటో శ్రీకాంత్ బొల్లా జీవితం చెబుతుంది. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టుకతోనే చూపు లేని బిడ్డ. ఇంటర్లో సైన్స్ చదువుతానంటే అంధులకు కుదరదన్నారు, కోర్టుకు వెళ్లి చదివాడు. ఎంఐటీలో చదివి తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు, వికలాంగులకు అందులో ఉద్యోగాలిచ్చాడు. ఇన్వెస్టర్ రవి మంథా అతనికి డబ్బూ ఇచ్చారు, తోడుగానూ నిలిచారు. తరవాత రతన్ టాటా కూడా పెట్టుబడి పెట్టారు. అంతకుముందు గెలిచినవాళ్ల పోలికలు పట్టుకుని వెతికితే ఇతను ఎవరికీ దొరకడు. మేం ప్యాటర్న్ అని పిలుచుకునేది చాలాసార్లు మా ముఖాలతో పోలిక తప్ప మరేం కాదు. గలగలా ఇంగ్లిష్ మాట్లాడే కుర్రాడిలో ధైర్యం కనిపిస్తుంది మాకు. అదే సంగతి తెలుగులో తడుముకుంటూ చెప్పే అమ్మాయిలో తడబాటు కనిపిస్తుంది. ఇద్దరి ఆలోచనలోనూ తేడా లేకపోవచ్చు, తేడా మా చూపులో ఉంది.

పది మందిలో ఒకరే నిలబడతారన్న లెక్కను నేను మార్చలేను. ఆ లెక్క ఫౌండర్‌కు ముందే తెలియాలి, అతని ఇంట్లోవాళ్లకీ తెలియాలి. మాకు డబ్బిచ్చినవాళ్లకు మేం ఈ లెక్క కాగితం మీద రాసిస్తాం. ఫౌండర్‌కు మాత్రం ఆ పదిలో ఒక్కడివి నువ్వే అని చెబుతాం. ఒకే లెక్కను ఇద్దరికి రెండు రకాలుగా చెప్పటమే ఈ వృత్తిలో నేను చూస్తున్న పెద్ద అన్యాయం. కంపెనీ తక్కువ ధరకు అమ్ముడుపోతే ముందు ఇన్వెస్టర్ సొమ్ము తీసి పక్కన పెట్టాకే మిగతావాళ్లకు పంచాలన్న షరతు ఒప్పందాల్లో ఉంటుంది. నా డబ్బు వెనక కూడా వేరేవాళ్ల పొదుపు ఉంటుంది కనుక దాన్ని పూర్తిగా తప్పనలేను. కానీ డబ్బు తిరిగివ్వటానికి షరతు రాసుకున్నవాళ్లం, గడిచిన ఏళ్ల గురించి ఒక్క వాక్యం కూడా రాసుకోలేదు. ఏళ్లు తిరిగివ్వలేం, నిజమే. చేయగలిగింది మాత్రం కొంత ఉంది.

నాలాగే ఈ ఊళ్లో మొదటి చెక్కు రాసేవారికి నా మనవి ఇది. సంతకానికి ముందు ఆ ఇంట్లో ఈ పని కోసం ఎవరు ఏం వదులుకుంటున్నారో అడిగి తెలుసుకోండి. ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టొద్దని మీ నోటితో చెప్పండి. ఫౌండర్ సొంత ఆస్తి మీద చెయ్యి వేసే షరతు ఉంటే కొట్టేయండి. డబ్బు అడుగంటుతోందని తెలిసిన రోజునే ఉద్యోగుల చివరి నెలల జీతాలు విడిగా తీసిపెట్టించండి. మూసేయాల్సి వస్తే కాగితాలన్నీ పూర్తయ్యేదాకా పక్కన ఉండండి. ఆ తరవాత ఏడాదికో రెండేళ్లకో ఆ మనిషి మళ్లీ ఫోన్ చేస్తే, ఎత్తి మాట్లాడండి.