కొండ కింద బండ్లకూ చోటు

2023 డిసెంబరు 4, కార్తీక సోమవారం. ఉపవాసం ఉన్నవాళ్లకు కూడా ఆ రోజు మనసు శివాలయంలో లేదు, చేలో ఉంది. మిగ్‌జాం తుఫాను వస్తోంది. కృష్ణా డెల్టాలో కోసిన వరి పనల మీదే ఉంది, నూర్చిన ధాన్యం రోడ్ల పక్కన రాశులుగా ఉంది. కోత మిషను కోసం, గోనె సంచుల కోసం, బరకాల కోసం పరుగులు. మర్నాడు మధ్యాహ్నం అది తీవ్ర తుఫానుగా బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. మామూలుగా అయితే ధాన్యం ఎండబెట్టుకునే మంగళవారం అది.

ఇలాంటప్పుడు రెండు మాటలు వినబడతాయి. దేవుడికి కోపం వచ్చిందని ఒకటి, అంతా మాయ, ఫలితం మీద ఆశ పెట్టుకోకూడదని ఇంకొకటి. మొదటిది భయంలో పుట్టిన మాట, పోనీ అనుకోవచ్చు. రెండోది తడవనివాళ్లు చెప్పేది. అప్పు తెచ్చి సాగుచేసి, మొలకొచ్చిన గింజను చేతిలో పట్టుకుని నిలబడ్డ కౌలురైతుకు గీత పేరు చెప్పి వైరాగ్యం బోధించడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

మనకు తుఫాను కథ అంటే గోవర్ధనోద్ధరణమే. అందరం కొండ ఎత్తిన చోటే ఆగిపోతాం, దానికి ముందూ వెనకా చూడం. వాన రాకముందే ఏడేళ్ల కృష్ణుడు ఇంద్రపూజ ఎందుకని నందుడితో వాదన పెట్టుకున్నాడు. మేఘాలు రజోగుణం వల్ల కురుస్తాయి, ఇందులో ఇంద్రుడు చేసేదేముంది, మన బతుకు ఆవులతో, అడవితో, కొండతో కదా, వాటినే పూజిద్దాం అన్నాడు. మరి పూజ మానేశారని ఇంద్రుడు కోపంతోనే కదా వాన కురిపించింది అంటారా? అవును. ఆ కోపాన్ని భాగవతం గర్వం అనే అంది, న్యాయం అనలేదు. ఆఖరికి తలవంచుకుని వచ్చిందీ ఇంద్రుడే.

కృష్ణుడు కొండెత్తి గోపాలకులను లోపలికి రమ్మన్నాడు. వీడు పిల్లవాడు, కొండేమో పెద్దది అని జంకొద్దని పోతన కృష్ణుడు పనిగట్టుకుని ధైర్యం చెబుతాడు. వాళ్లు వచ్చారు, అయితే ఒట్టి చేతులతో కాదు. తమ సొత్తుతో, మందలతో, తమను నమ్ముకున్నవాళ్లతో సహా వచ్చి, ఎవరికి వీలైన చోట వాళ్లు సర్దుకున్నారని మూలంలో ఉంది. ఏడు రోజుల తర్వాత బయటికి వచ్చేటప్పుడు సామాను బండ్ల మీదే ఉంది. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు నెమ్మదిగా నడిచి వచ్చారట. ప్రాణాలు దక్కితే చాలు, బండ్లు అక్కడే వదిలి రండి అని స్వామి ఎక్కడా అనలేదు. పేదవాడి సొత్తు ఆయన లెక్కలో మాయ కాదు. (ఇల్లు ఖాళీ చేయమని అధికారులు చెబితే మాత్రం కట్టుబట్టలతోనైనా కదలాల్సిందే. మనకు కొండెత్తేవాడు పక్కన లేడు.)

తుఫాను వెళ్లాక రైతు ఏం చేస్తాడో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ముందు మడిలో నీళ్లు బయటికి తీస్తాడు. నానిన పనల్ని గట్టు మీదికి చేర్చి, తిరగేసి, వెన్నులన్నీ తడిసేలా ఉప్పునీళ్లు చల్లుతాడు. లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు. గింజ మొలకెత్తకుండా అదొక్కటే ఆసరా. తేమ 17 శాతానికి దిగితే గానీ మద్దతు ధర దక్కదు కనుక తర్వాత ఎండ కోసం ఎదురుచూపు. ఈ హడావుడిలో ఆ వారం కార్తీక దీపం పెట్టలేకపోయామని మథనపడిన ఇల్లాళ్లు ఎంతోమంది ఉండి ఉంటారు. ఆపద్ధర్మం అని శాస్త్రాల్లో చెప్పింది సరిగ్గా ఇలాంటి రోజులకే.

నాకు ఒక కోరిక ఉంది. డెల్టా ఊళ్లలో గుడికి ఆనుకుని కల్యాణమండపమో, రేకుల షెడ్డో ఉంటుంది. ఏడాదిలో చాలా రోజులు దానికి తాళమే. తుఫాను హెచ్చరిక రాగానే ఆ తాళం తీసి, ముందు మనుషులకు చోటిచ్చి, మిగిలిన జాగాలో బస్తాలు పేర్చుకోమంటే స్వామికి మైల అంటదు. మడి, శుభ్రం అంటూ ధర్మకర్తలు నసిగితే భాగవతం దశమ స్కంధం తెరిచి చూపించండి. గోవర్ధనం కింద ఏడు రోజులూ ఆవులు కూడా ఉన్నాయి. అక్కడ పేడ ఎవరు ఎత్తారో వ్యాసుడు రాయలేదు గానీ, ఎవరో ఒకరు ఎత్తే ఉంటారు.