నెయ్యి ఎవరు పోశారు?

చిన్నప్పుడు సోడియం దీపాల వెలుగులో రామచంద్రపురం మెయిన్ రోడ్డు పసుపు రాసిన గడపలా ఉండేది. ఇప్పుడన్నీ తెల్లటి ఎల్‌ఈడీలు. ఊరెళ్ళినప్పుడల్లా ఆసుపత్రి వరండాలో నడుస్తున్నట్టుంటుంది నాకు. ఈ మాటంటే మామ్మ నవ్వింది. "నువ్వు ఆ పసుపు దీపాల కింద పెరిగావు కాబట్టి నీకవి కావాలి. నేను లాంతరు పట్టుకుని తిరిగాను. లాంతరు తెమ్మంటున్నానా?"

జవాబు తోచలేదు. పాత వీధి దీపాన్ని కాపాడమంటున్నప్పుడు మనం కాపాడమనేది దేన్ని? స్తంభాన్నా, వెలుగునా, మన చిన్నతనాన్నా?

2021లో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ దాదాపు 300 గ్యాస్ వీధి దీపాల్ని ఎల్‌ఈడీలుగా మార్చబోతే జనం అడ్డం తిరిగారు. చివరికి 174 దీపాల్ని గ్యాస్‌తోనే ఉంచారు. కౌన్సిల్ వాదనని తీసిపారెయ్యలేం. గ్యాస్ దండగ, కాలుష్యం, పాడైతే బాగుచెయ్యడం కష్టం. పైగా వెలుగు రంగు కూడా పాతదాన్నే పోలి ఉంటుందన్నారు. బెర్లిన్‌లోనూ ఇదే పద్ధతి: పాత గూడులో గ్యాస్ వెలుగుని అనుకరించే ఎల్‌ఈడీ. దూరం నుంచి చూస్తే పోల్చుకోవడం కష్టమే.

మరి పోయిందేమిటి? లండన్ మొత్తంలో 1,500 దాకా మిగిలిన గ్యాస్ దీపాల్ని చూసుకునే బృందంలో ఉన్నది అయిదుగురే. నిచ్చెనెక్కి, గడియారాలకి కీ ఇచ్చి, అద్దాలు తుడిచి, మాంటిల్స్ మారుస్తారు. మన పెళ్ళి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లైట్లకి కట్టేవాళ్ళు చూశారూ, అలాంటి మాంటిల్సే. గూడు ఉంచి మంట తీసేస్తే పోయేది ఆ అయిదుగురి చెయ్యి.

దీపాన్ని దాన్ని చూసుకునే మనిషితో కలిపి లెక్కేయడం మన పక్కన పాత సంగతే. రామచంద్రపురానికి పది కిలోమీటర్ల లోపే ద్రాక్షారామం. భీమేశ్వరాలయం గోడల మీద, స్తంభాల మీద చాళుక్య చోళుల కాలం నుంచీ వేయించిన శాసనాలు వందల్లో ఉన్నాయి. వాటిలో ఎన్నో అఖండదీపాల కోసం చేసిన దానాలు. దీపానికి 50 ఇనుపయెడ్లు అని మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. మొదటిసారి చదివినప్పుడు ఇనుముతో చేసిన ఎద్దులనుకున్నాను, నవ్వకండి. గొర్రెలట. వాటిని ఒక బోయకి, అంటే మంద కాసేవాడికి అప్పగిస్తారు. అతను రోజూ మానెడు నెయ్యి పొయ్యాలి. అతని తర్వాత కొడుకులు, మనవలు, సూర్యచంద్రులున్నంత కాలం.

నేను చూసిన శాసనాల్లో సెమ్మె ఏ ఆకారంలో ఉండాలన్న పట్టింపు లేదు. పట్టింపంతా నెయ్యి మీదే. గొర్రెలు చస్తాయి, పిల్లలు పుడతాయి, మంద ఉంటుంది. తమిళ శాసనాల్లోనైతే ఇలాంటి మందకి చావని, ముసలివి కాని గొర్రెలని పేరే ఉంది. ఒత్తి రోజూ కొత్తదే, నెయ్యి రోజూ కొత్తదే, దీపం మాత్రం అదే దీపం.

ఇక్కడిదాకా రాసుకుని, భలే కుదిరిందే అని సంబరపడ్డాను. అప్పుడు బోయ కొడుకు గుర్తొచ్చాడు. వాడు వద్దంటే? పుణ్యం దాతకి, మానెడు నెయ్యి వాడికి. సూర్యచంద్రులున్నంత కాలం అన్న మాట చెక్కించినవాళ్ళకి వినిపించినట్టు నెయ్యి పోసేవాళ్ళకి వినిపించి ఉండదు. లండన్ దీపాలవాళ్ళకి జీతం ఉంది, విసుగొస్తే మానేసే వీలుంది. నాకు సంబంధించినంతవరకు తేడా అంతా అక్కడే. ఆ రెండూ ఉంటే పాత దీపాన్ని ఎంత ఖర్చయినా నిలబెట్టుకోవచ్చు. లేకపోతే ఎల్‌ఈడీయే నయం, మామ్మదే గెలుపు. ఈమధ్య పార్కుల్లో పాతకాలపు నమూనా అని పాతుతున్న నల్ల స్తంభాలంటారా, వాటికి గతమూ లేదు, బోయా లేడు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ రాళ్ళ మీద దాత పేరుతో పాటు బోయ పేరూ ఉంటుంది, చాలాచోట్ల ఫలానా బోయ కొడుకని తండ్రి పేరుతో సహా. మన కాలంలో శిలాఫలకం మీద రిబ్బను కత్తిరించినవాళ్ళ పేరుంటుంది, దీపస్తంభం మీద నంబరుంటుంది.

మొన్న సంక్రాంతికి ఊళ్ళో ఉండగా మా వీధి దీపం మార్చడానికి ఒకబ్బాయి వచ్చాడు. అరుగు మీంచి మామ్మ, "ఎవరబ్బాయివిరా నువ్వు?" అని కేకేసింది. నిచ్చెన మీంచే తండ్రి పేరు చెప్పాడు. మామ్మకి వినపడక మళ్ళీ అడిగింది. అతను పని ముగించి దిగొచ్చి, ఆవిడ చెవి దగ్గర వంగి, ఈసారి తన పేరు కూడా కలిపి చెప్పాడు.