మందు పెట్టే ముందు దొంగెవరో చూడు తల్లీ

తల్లీ, జామకాయలన్నీ ఉడతలు కొరికి పాడుచేస్తున్నాయని, ఎలుకల మందు తెప్పించానని చెప్పావు. ఆ పొట్లం విప్పకు. ఎందుకు వద్దంటున్నానో, దాని బదులు ఏం చెయ్యాలో చెబుతాను. పెదనాన్నది చాదస్తం అనుకోకుండా చివరిదాకా విను.

నువ్వు ఫోనులో చూసిన ఉపాయాలు మన ఉడతకు చెప్పినవి కావు. అమెరికాలో చిప్‌మంక్ అని ఒకటుంది, దానికి చెప్పినవి. చూడ్డానికి అదీ చారలతో ఉడతలాగే ఉంటుంది గానీ దాని బతుకు వేరు. నేలలో బొరియ తవ్వుకుంటుంది, గింజల్ని బుగ్గ సంచుల్లో కుక్కుకుని బొరియకు చేరవేస్తుంది, చలికాలం చాలావరకు అందులోనే గడుపుతుంది. మెట్ల కింద, గోడల కింద తవ్వేస్తుందని అక్కడివాళ్ల బాధ. మన ఉడత బొరియ తవ్వదు. చెట్టు మీదో, చూరులోనో, వెంటిలేటర్ సందులోనో పీచు, గడ్డి, దూది పోగేసి గూడు కడుతుంది. అందుకని ప్రహరీ వారన మట్టి ఎత్తిపోసిన బొక్కలు కనిపిస్తే ఉడతను తిట్టకు. అది పందికొక్కు పని. చెట్టు మీద కాయ పోయినా, నేలలో బొక్క పడినా, వైరు తెగినా అన్నీ ఉడత ఖాతాలోనే రాయడం మనవాళ్లకు అలవాటైపోయింది. పగలు కళ్ల ముందు తిరిగేది అదొక్కటేగా!

అసలు దొంగను పట్టుకోవడానికి మొదటి ఆధారం వేళ. ఉడత పగటి జీవి. తెల్లవారాక దిగుతుంది, పొద్దు వాలగానే గూటికి చేరుతుంది. ఎలుక, పందికొక్కు, గబ్బిలం రాత్రి తిరుగుతాయి. చీకటి పడ్డాక గోడ మీదా, చెట్టు మొదట్లోనూ పొయ్యి బూడిదో ముగ్గుపిండో పల్చగా చల్లు. తెల్లవారకముందే లేచి చూడు. అడుగులు పడి ఉంటే వచ్చింది రాత్రి దొంగ. బూడిద చెదరకుండా ఉండి, మధ్యాహ్నానికి కాయ కొరికి ఉంటే ఉడతనో చిలుకనో అనుమానించు. మార్కాపురంలో ఉంటూ పలకకు కరువేముంది? వసారాలో ఒకటి తగిలించి ఏ చెట్టు, ఏ పూట, ఎలాంటి గాటు అన్నది రాస్తూ ఉండు. వారం తిరిగేసరికి విషయం నీకే తెలుస్తుంది.

రెండో ఆధారం గాటు. ఉడత కాయను కొమ్మ మీదే ఉంచి పళ్లతో గీకినట్టు కొద్దికొద్దిగా కొరుకుతుంది. దగ్గరగా చూస్తే సన్నటి జంట గీతలు కనిపిస్తాయి. దానిమ్మకైతే తొక్కకు చిల్లు పెట్టి లోపలి గింజలు లాగేస్తుంది. చిలుక ముక్కుతో చీల్చి, తిన్నదానికంటే ఎక్కువ కింద పారేస్తుంది. గబ్బిలం రసం పీల్చి పిప్పిని ఉండలుగా ఉమ్మేస్తుంది. పొద్దున చెట్టు కింద ఆ పిప్పి, గోడ మీద మరకలు కనిపిస్తాయి. లేత కొబ్బరికాయ ముచ్చిక దగ్గర గుండ్రటి చిల్లుతో రాలిందంటే చాలావరకు ఎలుక పనే. కొమ్మలే విరిగి ఉంటే కోతి వచ్చినట్టు. గిద్దలూరు వైపు నల్లమల అంచు ఊళ్లవాళ్లకు ఆ బాధ చెప్పక్కర్లేదు. ఆ అడవిలో బెట్టుడత అని పెద్దది కూడా ఉంటుంది గానీ అది ఎత్తయిన చెట్ల మీద బతికే జీవి, నీ జామచెట్టు కోసం ఊళ్లోకి రాదు.

సరే, చూశావు, ఉడతే అని తేలింది. అప్పుడు మొదటి పని, దానికంటే ముందు కోసెయ్యడం. చాలా పళ్లు చెట్టు మీదే మాగాల్సిన పనిలేదు. జామ ముదురాకుపచ్చ పోయి లేత రంగుకు తిరగగానే కొయ్యవచ్చు, ఇంట్లో మెత్తబడుతుంది. బొప్పాయి మీద మొదటి పసుపు చార కనిపిస్తే చాలు. సపోటాను గోటితో గీకి చూడు. లోపల పచ్చగా ఉంటే ఇంకా లేతది, పసుపుగా కనిపిస్తే ముదిరింది. సీతాఫలం కళ్ల మధ్య సందులు విచ్చుకుని తెల్లబారితే కోసి గడ్డిలోనో ధాన్యంలోనో ముగ్గవెయ్యి. దానిమ్మ ఒక్కటే ఈ లెక్కకు రాదు, కోశాక మాగదు. అందుకని కాపలా అంతా దానికి పెట్టు. గుడ్డ సంచీ, కాగితం సంచీ ఉడత పళ్లకు ఆగవు. సన్నటి ఇనుప జాలీ గొట్టంలా చుట్టి కాయకు తొడుగు. చెట్టంతా అక్కర్లేదు, మంచి కాయలు ఏరి వాటికి తొడిగితే చాలు. బెండ, చిక్కుడు, వేరుశనగ గింజలు నాటినప్పుడు కూడా మొలక నాలుగాకులు వేసేదాకా ఆ జాలీనే మడి మీద బోర్లించు.

రెండోది దారి కట్టెయ్యడం. విడిగా ఉన్న చెట్టయితే మనిషి ఎత్తుకు పైన, మూరెడు వెడల్పు నున్నటి రేకు మొద్దు చుట్టూ కట్టు. మేకులు కొట్టకు, చెట్టు లావెక్కే కొద్దీ వదులు చేసుకునేలా తీగతో బిగించు. కొబ్బరితోటల్లో ఎలుకలకు చేసేది ఇదే పని. అయితే పక్కింటి వేపకొమ్మో, కేబుల్ వైరో, గోడో చెట్టుకు ఆనుకుని ఉంటే రేకు కట్టీ లాభం లేదు, ఉడత పైనుంచి పైకే దూకేస్తుంది. ముందు ఆ కొమ్మలు కత్తిరించి, అన్ని వైపులా కనీసం ఐదారడుగులు ఖాళీ ఉండేలా చూడు.

మూడోది మన ఊరి సరుకే, మిరపకాయ. ఎండుమిర్చి నానబెట్టి దంచి, వడకట్టిన నీళ్లలో కాస్త సబ్బు కలిపి మొద్దుకు, కొమ్మలకు చల్లు. వారంలో కొయ్యబోయే కాయల మీద వద్దు. గాలికి ఎదురుగా నిలబడకు, కళ్లు జాగ్రత్త. వాన పడితే మళ్లీ చల్లాలి. ఇందులో ఇంకో లాభం ఉంది. మిరప ఘాటు ఉడతకు, ఎలుకకు మండుతుంది గానీ పక్షులకు మండదు. అందుకే చిలుకలు పండుమిర్చిని హాయిగా తింటాయి. చల్లాక కూడా కాయలు అలాగే పోతుంటే చిలుకల సంగతి చూసుకోవాలన్న మాట.

డ్రిప్పు పైపుల సంగతి వేరుగా చెబుతాను. ఎండాకాలం మన పడమటి ఊళ్లలో బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం మనమే బిందెలతో నిలబడతాం. అప్పుడు ఉడతకు నీళ్లెక్కడ దొరుకుతాయి? పైపులో తడి వాసన పసిగట్టి కొరుకుతుంది. శివరాత్రి వెళ్లగానే నీడలో ఒక వెడల్పాటి మట్టి మూకుడు పెట్టి నీళ్లు పొయ్యి. దోమలు పెరక్కుండా రోజూ పారబోసి కొత్తవి నింపు. పైపును బెత్తెడు లోతు మట్టిలో పూడ్చు. చాలామంది రైతులు డ్రిప్పు తోటల్లో అక్కడక్కడా నీళ్లు పెట్టేది ఇందుకే.

వైర్లు కొరకడం మాత్రం దాహం వల్ల కాదు. దాని ముందుపళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోవడానికి ఏదో ఒకటి కొరకాల్సిందే. బయట ఉన్న వైర్లన్నీ గట్టి పైపులోంచి పోనియ్యి. ఏసీ గొట్టాలకు చుట్టిన స్పాంజి గూటికి పీక్కుపోతుంది, దాని మీద రేకు తొడుగు వేయించు. చూరు సందులు, వెంటిలేటర్లు జాలీతో మూయించు. కానీ మూసే ముందు లోపల పిల్లలున్నాయేమో చూడు. కడుపుతో ఉండేది ఐదు వారాలే గానీ, రెండు మూడు పిల్లలు పెట్టి, అవి సొంతంగా తిరగడానికి రెండు నెలలు దాటుతుంది. ఈలోగా మూశావంటే తల్లి బయట కొట్టుకుంటుంది, పిల్లలు లోపల కుళ్లుతాయి. ఆ వాసన నువ్వే భరించాలి. పట్టుకోబోయి కరిపించుకుంటే సబ్బుతో పావుగంట కడిగి డాక్టరుకు చూపించు.

ఇక మందు మాట. ఎలుకలకు వాడే ఆ నల్లటి పొడి జింక్ ఫాస్ఫైడ్. కడుపులోకి వెళ్లగానే విషవాయువు పుట్టిస్తుంది, దానికి విరుగుడు లేదు. పేస్టుల్లో ఉండే పసుపు భాస్వరం మనిషి కాలేయాన్ని తినేస్తుంది. బ్రోమాడియోలోన్ బిళ్లలు తిన్న ఎలుక కొన్ని రోజులు నీరసంగా తిరిగి చస్తుంది. దాన్ని తిన్న పిల్లికో గుడ్లగూబకో ఆ విషం చేరుతుంది. మరి ఆ గుడ్లగూబే కదా నీ పెరట్లో ఎలుకల్ని తినేది! ఉడత కోసం పగలు పెట్టిన మందు ముందుగా చేరేది కోడిపిల్లలకూ, నీ కొడుకు చేతికీ. 1972 వన్యప్రాణుల చట్టం మొదట్లో కాకిని, ఎలుకను, పండ్లు తినే గబ్బిలాన్ని హాని చేసే వాటి పట్టికలో పెట్టింది గానీ ఉడతను అందులో చేర్చలేదు. 2022 సవరణతో ఆ పట్టికే పోయింది.

పందికొక్కు బాధ నిజంగా ఉంటే మాత్రం ఊరుకోకు. గోడ వారన పోగుపడిన పలకరాళ్ల ముక్కలు, పాత కట్టెలు తీయించు. ఎలుకలు చేరిన చోటికి పాములూ వస్తాయి. దాణా, ధాన్యం డబ్బాల్లో పెట్టు. బొరియలు రాళ్లతో కూరి పూడ్చు. బోను పొద్దు గూకాక పెట్టి తెల్లవారగానే ఎత్తెయ్యి. పగలు వదిలేస్తే అందులో పడేది ఉడతలూ గోరింకలే.

రాముడు వీపు నిమిరాడు కాబట్టి ఉడతను ఏమీ అనకూడదని నేను చెప్పడం లేదు. కాయలు నీవి, కాపాడుకో. అయితే పెరట్లో ఒక్క గాటు కూడా పడకూడదని పంతం పట్టకు. ఒకదాన్ని పట్టి దూరంగా వదిలొచ్చినా ఆ ఖాళీలోకి ఇంకోటి వస్తుంది. ఇవన్నీ ఒక్కరోజే మొదలుపెట్టకు తల్లీ. ముందు వారం చూడు, తర్వాత కోత వేళ మార్చు, ఆ తర్వాత రేకు కట్టు. ఒక్కోటి విడిగా చేస్తేనే దేనివల్ల నష్టం తగ్గిందో తెలుస్తుంది, మిగతా వాటి ఖర్చు మిగులుతుంది.