ధనుర్మాసంలో వెలిగే నక్షత్రం

డిసెంబర్ సగానికి వచ్చేసరికి మన విజయవాడలో రెండు పండుగ వాతావరణాలు కలిసి కనిపిస్తాయి. ఒకపక్క తెల్లవారుజామున వైష్ణవాలయాల్లో తిరుప్పావై, ఇంకోపక్క గుణదల వైపు ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు. "ఇది మన ధనుర్మాసం, ఆ నక్షత్రంతో మనకేం పని?" అని కొందరు అడుగుతారు. "అన్నీ ఒకటేలే" అని ఇంకొందరు తేల్చేస్తారు. రెండూ తొందరపాటు మాటలే. కాస్త నిదానంగా చూద్దాం.

ముందు చలి సంగతి. క్రీస్తు ఏ రోజున పుట్టాడో సువార్తల్లో ఎక్కడా లేదు. డిసెంబర్ 25 అనే తేదీకి దొరికే పాత ఆధారం రోమ్ నగరానిది, క్రీ.శ. 336 నాటిది. అక్కడ పగలు బాగా కురచైపోయే రోజులవి. ఐరోపా వాళ్లకి చలి అంటే మంచు, మోడువారిన చెట్లు. మన కృష్ణా డెల్టాలో అలా కాదు కదా! ఇక్కడ డిసెంబర్ అంటే వరికోతలు, అదే చేలో మినుము మొలకలు. మరి ఇక్కడి క్రైస్తవుడికి ఈ చలికాలం ఏం చెబుతుంది? ఎదురుచూడమంటుంది. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలతో సాగే రోజుల్ని ఆగమన కాలం అంటారు. చాలా చర్చిల్లో వారానికో కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తారు. వెలుగు ఒక్కసారిగా రాదు, మెల్లగా పెరుగుతుంది.

మనకిది కొత్తేం కాదు. గోదాదేవి 30 పాశురాలు కూడా నెల రోజుల ఎదురుచూపే. అందులో ఆమె ఒక్కతే స్వామి దగ్గరకి వెళ్లిపోదు. నిద్రపోతున్న చెలికత్తెల్ని గుమ్మం గుమ్మం దగ్గర పిలిచి, లేపి, వెంటబెట్టుకుని వెళ్తుంది.

అలాగని రెండూ ఒకటే అనకూడదు. మనకి అవతారాలు ఎన్నో. వాళ్ల నమ్మకంలో దేవుడు మనిషిగా పుట్టింది ఒక్కసారే. ఆ తేడాని చెరిపేస్తే అది గౌరవం అవదు. ఎదుటివాళ్ల మాట వినకుండానే తలూపినట్టవుతుంది.

విందాం మరి. ఆ కథలో నిండుచూలాలికి సత్రంలో చోటు దొరకదు. బిడ్డని పశువుల తొట్టిలో పడుకోబెడతారు. మన డెల్టాలో ఈ కథ ఎక్కువగా ఎవరి గుండెకి తగిలింది? ఊరి చివర ఉంచినవాళ్లకి. గుడిలోకి రానివ్వనివాళ్లకి, బావిలో చేద వేయనివ్వనివాళ్లకి. 'చోటు లేదు' అనే మాట వాళ్లకి ఎక్కడో బేత్లెహేములోది కాదు, రోజూ విన్నదే. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా ఆ అంటరానితనాన్ని అనుభవించినవారే. ఆయన 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

కాబట్టి ఆ నక్షత్రం మనల్ని మతం మారమని అడగడం లేదు. "నీ గుమ్మం దగ్గర ఎవరు ఆగిపోయారు?" అని అడుగుతోంది. ఈ ప్రశ్న మన సంప్రదాయానికి బయటిదీ కాదు. తిరుప్పావై అంటే ప్రాణం పెట్టిన రామానుజులు, గురువు రహస్యంగా ఉంచమన్న మంత్రాన్ని గోపురమెక్కి అందరికీ వినిపించారని చెప్పుకుంటాం. అందరికీ అందాలన్నదే ఆయన ఆరాటం.

ఇప్పుడు సత్రాల బదులు టు-లెట్ బోర్డులున్నాయి. ఇల్లు అడగడానికి వచ్చినవాళ్లని ముందు "మీరేమిట్లు?" అని ఆరా తీసి, తర్వాత "ఖాళీ లేదండీ" అనేవాళ్లు మన అపార్ట్‌మెంట్లలోనే ఉన్నారు. ధనుర్మాసంలో తెల్లవారుజామునే లేచి ముగ్గేయడం మంచిదే. ఆ ముగ్గు దాటి లోపలికి ఎవరు రావచ్చో, ఎవరు రాకూడదో కూడా ఈ నెలలోనే ఒకసారి ఇంట్లో మాట్లాడుకోండి. అమ్మానాన్నలతో ఈ మాట ఎత్తడం కష్టమే. అయినా ఎత్తండి.